తెప్పలపాలెం లెఫ్ట్ బ్యాక్

మొదటి రోజు, ఓడ మీద

ఈ పుస్తకంలో నా చేత్తో నేనే రాయాలట. ఒకరికి చెప్పి రాయించకూడదు, యంత్రంతోనూ రాయించకూడదు. ఎవరు కలిశారో, ఏమిచ్చారో, ఏమన్నారో, నేనేం తిన్నానో కూడా ఏ రోజుది ఆ రోజు రాసి, దీపాలు పెట్టే వేళకి ముద్ర వేయించుకోవాలి. ఫుట్‌బాల్ ప్రపంచ సంఘం సమావేశం అయ్యాక దీన్ని లోకంలో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు.

పేరు సూరాడ గురువులమ్మ. వయసు డెబ్బై ఒకటి. ఊరు తెప్పలపాలెం. చదువు నాలుగో తరగతి. పని తూకం పిలవడం. ఆటగాళ్ల కార్డులో ఉన్న స్థానం లెఫ్ట్ బ్యాక్.

ఆఖరి మాటకి నవ్వుతారని తెలుసు. నేను బంతిని కాలితో తాకింది రెండుసార్లు, రెండూ గోడవారన పడి ఉంటే పక్కకి నెట్టడానికే. కానీ మా ఊళ్లో పద్దెనిమిది వందల మందికీ ఆటగాళ్ల కార్డులున్నాయి. చంటిపిల్లలు రిజర్వు ఆటగాళ్లు. సముద్రం ఒడ్డును తినేశాక తెప్పలు కట్టుకుని నీళ్ల మీదకి వచ్చినవాళ్లం మేం. ఏ దేశపు జాబితాలోనూ మా పేరు లేదు. ముప్పై ఏళ్ల కిందట ఫుట్‌బాల్ ప్రపంచ సంఘం ఒక్కటే మమ్మల్ని సభ్యులుగా రాసుకుంది. రేవులో ఆ కార్డు చూపిస్తే దిగనిస్తారు. ఒడ్డు మీద ఆసుపత్రిలో ఆ కార్డు చూపిస్తే మంచం ఇస్తారు. నా కూతురు దాలమ్మకి వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేస్తున్నది ఆ కార్డు మీదే. దాలమ్మ మిడ్‌ఫీల్డు.

ఇదంతా రాయొచ్చా అని ఎల్లాజీని అడిగాను. ఎల్లాజీ మా ఊరి ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి, ఒకప్పుడు మా గోల్‌కీపరు, నాకు అక్క కొడుకు వరస. అందరికీ తెలిసిన సంగతే, నువ్వు రాస్తే కొత్తగా పోయేదేం లేదన్నాడు. అయినా నాకు భయంగానే ఉంది. కొట్టేద్దామంటే కొట్టివేతలు ఉండకూడదట.

పొద్దున్న రెండు ఇడ్లీలు. ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

రెండో రోజు, ఓడ మీద

స్టవ్ కట్టేశానో లేదో గుర్తు రావడం లేదు. ఎల్లాజీ ఇంటికి ఫోన్ చేయించి, కట్టే ఉందని చెప్పాడు. చూసి చెప్పారో, నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పారో.

నన్నెందుకు పంపుతున్నారో కూడా రాయాలి. ఇదివరకు ప్రతి సంఘం నుంచీ పెద్దమనుషులు వెళ్లి ఓటు వేసేవారట. పోటీలు ఎక్కడ జరగాలి, అధ్యక్షుడు ఎవరు, ఎవరుండాలి, ఎవరు పోవాలి, అన్నీ ఆ ఓట్ల మీదే. ఓట్లు అమ్ముకున్నారని గొడవై సగం మంది జైలుకెళ్లాక, కార్డు ఉన్నవాళ్లందరి పేర్లూ వేసి చీటీ తీస్తున్నారు. ఈసారి మా చీటీ నాది. పేరు తీసేయమని ఏడ్చాను. తీయడానికి వీల్లేదన్నారు.

మధ్యాహ్నం డాల్ఫిన్ల గుంపు కనిపించిందని జనమంతా కుడివైపు రెయిలింగుకి పరుగెత్తారు. నేను లేచి ఎడమవైపుకి వెళ్లి నిలబడ్డాను. ఏమీ కనిపించలేదు. ఓడ కుర్రవాళ్లు ఎందుకలా చేశావని సైగలతో అడిగారు. ఇంత పెద్ద ఓడ యాభై మందికి ఒరగదు, నాకూ తెలుసు. కానీ మా ఆటస్థలం తెప్పల మీద ఉంటుంది. బంతి తూర్పు గోలు వైపు వెళ్తే చూసే జనం తూర్పుకి వంగుతారు, వంగితే తెప్ప వంగుతుంది, బంతి తనంతట తనే దొర్లిపోతుంది. అందుకని మధ్యలో ఎత్తుపీట మీద నీటిగొట్టం పట్టుకుని ఒక మనిషి కూర్చోవాలి. గొట్టంలో నీళ్లు ఎటు దిగాయో చూసి, "పడమరకి ఇరవై" అని అరవాలి. ఇరవై మంది జరుగుతారు. నలభై ఏళ్లు ఆ పీట మీద కూర్చున్నాను. నేను అరవక ముందే జరిగేవాళ్లు ఇప్పుడు మా ఊళ్లో చాలామంది. పెళ్లిళ్లలో, చావుల్లో కూడా మేం ఒకే పక్కకి చేరం.

చేప పులుసు, అన్నం. ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

నాలుగో రోజు, కొండల ఊరు

మూడో రోజు రాయలేదు. రైల్లో వాంతులయ్యాయి. అది తప్పైతే తప్పే.

ఇక్కడ నేల కదలదు. గట్టు మీద దిగినప్పటినుంచి నాకు తల తిరుగుతోంది. గోడ పట్టుకుని నడుస్తున్నాను. గదిలో వేడి గాలి వచ్చే పెట్టె ఉంది, ఆపడం తెలియదు, ఆపితే మళ్లీ వేయడం తెలియదు. ఆపకుండానే ఉంచాను. కరెంటు బిల్లు మా సంఘం మీద పడుతుందేమో.

చెవిలో పెట్టుకోమని ఒక బిళ్ల ఇచ్చారు. ఇది ప్రపంచ సంఘం ఇచ్చిన వస్తువు, తిరిగి ఇచ్చేయాలి, రాస్తున్నాను. ఎవరు ఏ భాషలో మాట్లాడినా అది నా చెవిలో తెలుగులో చెబుతుంది. కానీ మా తెలుగు కాదు. పాఠం అప్పజెప్పే ఆడపిల్ల గొంతు. ఎవరు మాట్లాడినా అదే గొంతు. నాకు ఇది బొత్తిగా నచ్చలేదు. గొంతు వింటే మనిషి ఎలాంటివాడో ఇంత తెలుస్తుంది కదా. ఇక్కడ చేతులూ కళ్లూ చూసి తెలుసుకోవాలి.

సాయంత్రం సాల్వా గారు అని ఒకాయన వచ్చారు. పెద్ద సంఘాలన్నిటినీ కలిపి నడిపించేది ఆయనేనని ఎల్లాజీ చెప్పాడు. తెల్లటి గడ్డం, శుభ్రమైన గోళ్లు. నా పుస్తకం బల్ల మీద తెరిచి ఉందా అని ముందు ఆయనే అడిగారు. తర్వాత నా మోకాళ్ల గురించి అడిగారు. లేచేటప్పుడు అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అమ్మా, నేను మిమ్ములను ఏమియు కోరుట లేదు. మీకు ఏమియు ఇచ్చుట లేదు. జనులు ఏమనుకొనుచున్నారో తెలియజేయుటకు మాత్రమే వచ్చితిని."

జనులు ఏమనుకుంటున్నారో మాత్రం ఇవాళ చెప్పలేదు. రేపు చెబుతారేమో. ఏమీ ఇవ్వలేదు. నా కుర్చీ దగ్గరకి లాగి వేశారు, అది ఇచ్చినట్టు లెక్కో కాదో తెలియక రాస్తున్నాను.

అయిదో రోజు

ముద్ర వేసే అమ్మాయి నిన్నటిది చదివి, కుర్చీ సంగతి రాయనవసరం లేదంది. కొట్టేయనా అంటే కొట్టేయకూడదంది.

ఎల్లుండి ఓటు దేని మీదో ఎల్లాజీ పొద్దున్న చెప్పాడు. మూడుసార్లు చెప్పించుకున్నాను. సొంత నేల, సొంత ఆటస్థలం లేని సంఘాలకి సభ్యత్వం తీసేయాలని తీర్మానం వచ్చింది. అలాంటివి పది ఉన్నాయి. తొమ్మిదింటికి ఏ నేలా లేదు, ఎడారిలో తిరిగేవాళ్లు, దీవులు మునిగిపోయినవాళ్లు. పదోది మేం. ఆ పది ఓట్లూ ఎప్పుడూ పెద్ద సంఘాలకి ఎదురే పడుతుంటాయి. ఆ ఓట్లు పోతే వచ్చే అధ్యక్షుడు సాల్వా గారి మనిషే. అదీ సంగతి. కొలతలు, ప్రమాణాలు అని కాగితం మీద ఏవేవో రాశారు గానీ, సంగతి అదేనని ఎల్లాజీ అన్నాడు.

"మరి మనం పోతాం కదరా" అన్నాను.

"పోం పిన్నీ. మన కోసం ఒక ముక్క కలుపుతున్నారు. నేలంటే లంగరేసిన తెప్ప కూడా అని. ఆ ముక్క ఉంటే మనం ఉండిపోతాం. నువ్వు ఆళ్ల ఏపు నడిస్తే సాలు."

తక్కిన తొమ్మిది సంగతేమిటని నేను అడగలేదు. అడగాల్సింది.

మధ్యాహ్నం భోజనశాలలో చోటు లేక ఒక ముసలాయన బల్ల దగ్గర కూర్చున్నాను. పేరు తానియెలా. ఊరు వెసు దీవి. ఊరంటే ఇప్పుడు లేదు, మునిగిపోయింది. జనం మూడు పట్టణాల్లో చెదిరి అద్దె ఇళ్లలో ఉన్నారట. ఆయనా నాలాగే చీటీలో వచ్చినవాడు. పని క్షౌరం. చేతులు చూశాను, వేళ్లు సన్నగా, వణకకుండా ఉన్నాయి.

ఓటు గురించి మేం మాట్లాడుకోకూడదు, మాట్లాడుకోలేదు. ఆయన సూపు చల్లారిపోయిందని వాపోయాడు, నేను నేల కదలడం లేదని వాపోయాను. ఆయన నవ్వాడు. మాకూ మొదట్లో అలాగే ఉండేదన్నాడు. వాళ్ల ఆటస్థలం ఇప్పుడు ఎనిమిది మీటర్ల లోతున ఉందట, పడవలో వెళ్లి తొంగి చూస్తే గోలు స్తంభాలు కనిపిస్తాయట. తర్వాత కార్డు తీసి చూపించాడు. వయసు డెబ్బై ఆరు. స్థానం గోల్‌కీపరు.

నేను నాది చూపించాను.

నాది చూసి, ఆయన తన కార్డు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చెవిలో ఆ ఆడపిల్ల గొంతు, "మనుమరాలికి ఈ పత్రముతోనే బడిలో చోటు దొరికినది. ఆమె సెంటర్ ఫార్వర్డు" అంది. సాల్వా గారి మాటలు చెప్పింది కూడా ఆ గొంతే. అందుకని ఆయన ముఖం చూశాను.

ఉడికించిన బంగాళదుంప, రొట్టె. తానియెలా తన ఉప్పు డబ్బీ నా వైపు జరిపాడు. అదీ రాస్తున్నాను.

ఆరో రోజు

సాల్వా గారు మళ్లీ వచ్చారు. ఇవాళ చెప్పారు, జనులు ఏమనుకుంటున్నారో. లెక్క దగ్గర దగ్గరగా ఉందట. తెప్ప గురించి ఆ ముక్క కలపడానికి తన వాళ్లని ఒప్పించడం చాలా కష్టమైందట. ఈ తీర్మానం నెగ్గకపోతే వచ్చే ఏడాది మళ్లీ తెస్తారట, అప్పుడు ఆ ముక్క ఉండదట. "అప్పుడు వారిని ఆపుట నా చేతిలో ఉండదు" అన్నారు. నన్ను భయపెట్టినట్టు ఎక్కడా లేదు. నేనే భయపడ్డాను. ఆ వెసు దీవి వాళ్లేమవుతారని అడిగాను. వారికి వేరే ఏర్పాట్లు ఆలోచిస్తారని అన్నారు. ఏ ఏర్పాట్లని అడిగాను. ఆలోచిస్తారన్నారు.

ఆయన వెళ్లాక ఎల్లాజీ చాలాసేపు నాకు నచ్చజెప్పాడు. అంతసేపు చెప్పాల్సిన పనేం లేదు, నేను అప్పటికే ఒప్పుకున్నాను. వాడి మాటలో తప్పు లేదు. మా ఊరిని నిలబెట్టడానికి వచ్చాను, లోకాన్ని కాదు. దాలమ్మకి ఫోన్ చేశాను. నిన్న ఆసుపత్రి నుంచి వచ్చిందట, గొంతు నీరసంగా ఉంది, కాళ్ల వాపు తగ్గిందట. నీళ్లు ఎక్కువ తాగకు అన్నాను. ఎప్పుడూ అదే చెబుతావంది.

రేపు తీర్మానం కావాలనేవాళ్లు నిలబడే కిటికీల వైపు నడుస్తాను. ఇది నా నిర్ణయం, ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

తానియెలా భోజనశాలలో కనిపించాడు. వేరే బల్ల దగ్గర కూర్చున్నాను.

ఏడో రోజు, ఓటు

ఓటు ఎలా వేయాలో ముందు రాస్తాను. మీటలు నొక్కితే యంత్రాలు మోసం చేశాయి, చీటీలు వేస్తే చీటీలు మారిపోయాయి. అందుకని ఇప్పుడు నడుస్తారు. పెద్ద హాలు. ఒక పక్క కిటికీలు, ఒక పక్క తలుపులు. మొదటి గంట కొట్టి ఇసుక గడియారం తిప్పుతారు. తీర్మానం కావాలంటే కిటికీల వైపు, వద్దంటే తలుపుల వైపు వెళ్లి నిలబడాలి. ఇసుక అయిపోయేదాకా ఎటైనా మారవచ్చు. రెండో గంట కొట్టాక తాళ్లు కట్టేసి తలలు లెక్కపెడతారు.

మేం రెండువందల పద్దెనిమిది మందిమి. అందరి చంకలోనూ ఇలాంటి పుస్తకమే. ఎల్లాజీ లాంటివాళ్లంతా పైన బాల్కనీలో. నేను మధ్యలో నిలబడ్డాను. చెవిబిళ్లలు తీసేయమన్నారు. తీసేశాక హాలంతా తేనెపట్టు చప్పుడులా ఉంది.

గంట కొట్టారు. పెద్ద సంఘాల వాళ్లంతా ముందే అనుకున్నట్టు ఒక్కసారిగా కిటికీల వైపు కదిలారు. వంద మంది పైనే. చెక్క నేల అది, అన్ని కాళ్లు ఒక్కసారి పడేసరికి కొంచెం అదిరింది. గట్టు మీద దిగాక మొదటిసారి కాళ్ల కింద నేల కదిలింది.

నేను నడిచాను. కిటికీల వైపే నడుస్తున్నాననుకున్నాను. చెయ్యి దేనికో తగిలింది, చూస్తే తలుపు గొళ్లెం.

తర్వాత జరిగింది రేపు రాస్తాను. దీపాలు పెట్టే వేళయింది, ముద్ర వేసే అమ్మాయి వచ్చేసింది. లెక్క మాత్రం రాస్తాను. కిటికీల వైపు నూటతొమ్మిది. తలుపుల వైపు నూటతొమ్మిది. సమానమైతే తీర్మానం వీగిపోయినట్టు.

ఏమీ తినలేదు.

ఎనిమిదో రోజు

పొద్దున్నే ముద్ర వేసే అమ్మాయి వచ్చి ఒక నియమం చదివి వినిపించింది. చీటీలో ముసలివాళ్లు, జబ్బువాళ్లు వస్తుంటారు కాబట్టి, గందరగోళంలో ఒకవైపు వెళ్లబోయి ఇంకోవైపు వెళ్లినవాళ్లు మర్నాడు దీపాలు పెట్టే లోపు తమ పుస్తకంలో ఆ సంగతి రాసుకోవచ్చు. అడుగు తప్పని రాసి, కింద ఉన్న గడిలో అడ్డగీత పెడితే ఆ ఓటు రెండోవైపుకి మారుతుంది. ఒక్క ఓటు మారినా నూటపది అవుతుంది, తీర్మానం నెగ్గుతుంది. ఈ నియమం నాకు చెప్పమని ఎవరో అడిగారట. ఎవరని అడిగాను. అది తన పుస్తకంలో రాసిందట.

ఆ వెనకే ఎల్లాజీ వచ్చాడు. రాత్రి నిద్రపోలేదనుకుంటాను, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"పిన్నీ, నానొకటి అడుగుతాను, నిజం సెప్పు. కిటికీల ఏపు ఎల్దామనే గదా లేసినావు."

"అవునురా."

"కాళ్లు అలవాటుకి తలుపుల ఏపు తెచ్చీసినాయి."

"అవును."

"పైనుంచి సూసినాన్నేను. సూసి నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది. ఈ తప్పు మనూరోళ్లు తప్ప లోకంలో ఎవులూ సెయ్యరు." కళ్లు తుడుచుకున్నాడు. "ఇందులో అబద్దం రాయమని నానడగట్లేదు. జరిగిందే రాయి. అడుగు తప్పు, రెండు ముక్కలు. పద్దెనిమిది వందల మందిమి ఉన్నాం."

వాడు అడిగినదాంట్లో అబద్ధం లేదు. అదే చిక్కు. అబద్ధం రాయమంటే కుదరదని చెప్పి తప్పించుకునేదాన్ని.

మధ్యాహ్నం దాలమ్మ ఫోన్ చేసింది. ఎల్లాజీ చెప్పినట్టున్నాడు. మొదట ఏం తిన్నావని అడిగింది.

"నాకు బయంగానే ఉందమ్మా. లేదని సెప్పను" అంది. "అది కాదు గానీ, నిజంగా పొరపాటేనా?"

లైను బాగోలేదన్నాను. లైను బాగానే ఉంది.

ఇప్పుడు మిగిలినది రాస్తాను. ఎవరూ చెప్పకుండా, నాకు గుర్తున్నట్టే.

తలుపు గొళ్లెం చేతికి తగిలాక తలెత్తి చూశాను. ఎక్కడున్నానో అప్పుడు తెలిసింది. గడియారంలో ఇసుక ఇంకా సగం పైన ఉంది. కిటికీల వైపు వెళ్లాలంటే ఎన్ని అడుగులో చూసుకున్నాను. నలభై ఉంటాయేమో. నా మోకాళ్లతో కూడా వెళ్లిపోవచ్చు. నాకు నా ఊరు గుర్తు లేకపోలేదు, దాలమ్మ గుర్తు లేకపోలేదు. నిజానికి దాలమ్మ చెయ్యే గుర్తొచ్చింది, సూదులు గుచ్చి గుచ్చి గడ్డకట్టిన చోటు.

నా చుట్టూ ఆ తొమ్మిది మందీ ఉన్నారు. ఒకామె చంటిబిడ్డని ఎత్తుకుని ఉంది. ఒకతని వేళ్లకి ఇంకా నల్లటి గ్రీజు ఉంది, మెకానిక్ అయి ఉంటాడు. తానియెలా గోడ దగ్గర నిలబడి నన్ను చూశాడు, చూసి వెంటనే ముఖం పక్కకి తిప్పుకున్నాడు. సైగలు చేయకూడదన్న నియమం ఉంది, ఆయన దాన్ని పాటించాడు. ఉండమని అనలేదు, కళ్లతో కూడా అనలేదు. అని ఉంటే నేను వెళ్లిపోయేదాన్నేమో. ఎవరైనా బతిమాలితే నాకు కోపం వస్తుంది.

నలభై ఏళ్లు పీట మీద కూర్చుని జనాన్ని అటు జరగండి, ఇటు జరగండి అన్నాను. తుపానులో ఒకసారి తెప్ప నీళ్లు తాగేలా వంగింది, అప్పుడూ జరగండనే అరిచాను. దిగిపోండని ఒక్కరితో ఎప్పుడూ అనలేదు. బరువు ఎక్కువైతే జనాన్ని సర్దాలి గానీ, నీళ్లలోకి దింపడం మా పనిలో లేదు. సాల్వా గారు అడిగింది ఆ పనే. అది ఆయన నా గదిలో మాట్లాడినప్పుడు నాకు తట్టలేదు. ఆ తలుపు దగ్గర, చెవిలో ఏ గొంతూ లేనప్పుడు తట్టింది.

ఇసుక కారుతుంటే చూస్తూ నిలబడ్డాను. రెండో గంట కొట్టేదాకా కదల్లేదు. నన్ను ఎవరూ పట్టుకోలేదు. దారికి ఎవరూ అడ్డం లేరు.

కాబట్టి ఇలా రాస్తున్నాను. అటు వెళ్లడం పొరపాటు. అక్కడ ఉండిపోవడం పొరపాటు కాదు.

రాసింది ఎల్లాజీకి చదివి వినిపించాను. వాడు తల వంచుకుని విన్నాడు. "మనూరోళ్లకి నానేటి సెప్పాలి పిన్నీ" అన్నాడు. ఇదే చదివి వినిపించమన్నాను. నన్ను తిట్టేవాళ్లు నన్నే తిట్టాలి, వాణ్ని కాదు. అది కూడా ఇక్కడ రాస్తున్నాను, వాళ్లు చదువుకుంటారు కదా. ఎల్లాజీ నాకు చెప్పాల్సిందంతా చెప్పాడు. వాడి తప్పేమీ లేదు.

దాలమ్మకి మళ్లీ ఫోన్ చేశాను. లైను బాగానే ఉందని ముందు ఒప్పుకున్నాను. తర్వాత అడిగినదానికి జవాబు చెప్పాను. అది ఏడ్చింది. ఏడుస్తూనే, నీళ్లు ఎక్కువ తాగనులే అంది.

ముద్ర వేసే అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. అంతా చదివింది. పాఠం అప్పజెప్పే గొంతు నా చెవిలో, "ఇది తప్పని వ్రాసినట్లా, కానట్లా" అని అడిగింది. గడిలో గీత పెడితే ఒకటి, పెట్టకపోతే ఒకటి, మధ్యలో ఇంకోటి లేదట. కలం నా చేతిలోనే ఉంది. వీధిలో దీపాలు వెలగడం మొదలుపెట్టాయి. గడిని ఖాళీగా వదిలేసి పుస్తకం ఆమె వైపు తిప్పాను. ఖాళీగా ఉంటే నిన్నటి లెక్కే నిలుస్తుంది.

ఆమె ముద్ర వేయడానికి ముందు ఇంకా నాలుగు వరసలు రాసుకోనిమ్మన్నాను.

రేపు రైలు, తర్వాత ఓడ. దాలమ్మకి బుధవారం ఆసుపత్రి. మా కార్డులు ఇంకా ఏడాది చెల్లుతాయి. ఏడాది అంటే ఎంతసేపు, కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. సాల్వా గారు ఆ ముక్క తీసేసి మళ్లీ తెస్తారు, అన్న మాట నిలబెట్టుకునే మనిషిలాగే ఉన్నారు. అప్పటికి చీటీ ఎవరికి వస్తుందో. ఆ వచ్చినవాళ్లు ఎంత భయపడతారో. తానియెలా వాళ్ల దగ్గరా, ఆ చంటిబిడ్డ తల్లి దగ్గరా చిరునామాలు తీసుకోవాలి, పొద్దున్న భోజనశాలలో దొరుకుతారేమో. వాళ్లు తొందరగా లేస్తారో లేదో. నేనే ముందు వెళ్లి తలుపు దగ్గర కూర్చుంటాను.